వైటమినా, విటమినా

బేతంచెర్ల, 4-2-1938

నా చిన్ననాటి నేస్తం, కాబోయే వియ్యంకుడు, కడప ఆసుపత్రి కాంపౌండర్ హజరత్ వలికి బడిపంతులు ఇమాం వలి సలాములు.

మొన్న మా ఇంట్లో పిల్లల పెళ్లి ఖాయం చేసుకునే మంగ్నీ విందు సగంలో ఉండగానే పులావు వదిలేసి వెళ్లిపోయావు. నేనేమన్నానని? నువ్వు "మునగాకులో వైటమిన్ శానా ఉండాది" అన్నావు. "విటమిన్ అనాలప్పా" అని దిద్దాను. లాటిన్ భాషలో విటా అంటే ప్రాణం. తప్పు వినబడితే దిద్దకుండా ఉండలేను, పంతులు పుట్టుక. కోపం దించుకో. మీ అబ్బాయి జిలాని బాషా అంటే మా గుల్షన్ బీకి ఎంతో ఇష్టం.

ఇట్లు, నీ ఇమాం వలి

తా.క.: నువ్వు వెళ్లాక మీ అన్న కూడా వైటమిన్ అన్నాడు. ఆయన్నూ దిద్దాను.

కడప, 9-2-1938

పంతులుగారికి హజరత్ వలి సలాం. భాయ్ అనడం మానేశాను.

మా ఆసుపత్రిలో అమెరికా దొరసాని రోజూ వైటమిన్ అంటుంది, రోగులు కోలుకుంటున్నారు. మీ లాటిన్ దొరలు ఒక్కరూ ఇటువైపు రాలేదు. నలుగురిలో నన్ను బడిపిల్లాణ్ణి చేశావు. నేను చెప్పింది సరేనని ఒక్క ముక్క రాయి, నికా తేదీ పెట్టుకుందాం.

ఇట్లు, హజరత్ వలి

తా.క.: జిలాని అన్నం మానేశాడు. వాడి ఒంట్లో ఇప్పుడు నీదీ లేదు, నాదీ లేదు.

బేతంచెర్ల, 14-2-1938

మిత్రుడు హజరత్ వలికి సలాములు.

నువ్వడిగిన ముక్క రాద్దామనే కూర్చున్నాను. కలం కదలలేదు. మా ఆవిడ పీరాంబీ "యెట్లంటే ఏమప్పా, బిడ్డ సుఖంగా ఉండాల గదా! రాసి పడెయ్" అంటోంది. ఆమెకు చదువు విలువ తెలియదు. నీ ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది దీంతోపాటు తిప్పి పంపుతున్నాను.

ఇట్లు, ఇమాం వలి

తా.క.: నూటికి నలభై వేశాను. పాసయ్యావు.

కడప, 20-2-1938

అయ్యా,

మీ మార్కులు అందాయి. మా వాడికి నంద్యాల సంబంధం ఖాయం చేశాను.

హజరత్ వలి

తా.క.: పిల్ల తండ్రికి చదువు రాదు. శానా మంచి మనిషి.

బేతంచెర్ల, 2-11-1938

భాయ్ హజరత్‌కు ఇమాం వలి సలాములు.

నువ్వు చదవకుండా చించేసినా సరే, రాస్తున్నాను. మొన్న మా బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరును అడిగాను. ఇంగ్లీషు దొరలు ఒక రకంగా, అమెరికా దొరలు ఇంకో రకంగా పలుకుతారట. నువ్వూ తప్పు కాదు, నేనూ తప్పు కాదు. నా తిక్కతో ఇద్దరు పిల్లల మనసులు విరిచేశాను.

గుల్షన్ బీని ఈ ఊళ్లోనే నాపరాళ్ల వ్యాపారికి ఇచ్చాం. మంచివాడే. నిన్న భోజనానికి వచ్చి "మామా, బెండకాయలో ఇటామిండు ఉండాదంట గదా" అన్నాడు. గుల్షన్ బీ భయంగా నా వైపు చూసింది. "అవును అల్లుడా, ఉంటుంది" అని ఇంకాస్త కూర వడ్డించమన్నాను.

ఇట్లు, ఇమాం వలి

తా.క.: అల్లుడు చెయ్యి కడుక్కోను పెరట్లోకి పోగానే పిల్ల నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "గమ్మునుండేది ఇంత సులువా నాయనా?"