మీ అక్క రికార్డు అరిగిపోలేదు

ఏమోయ్, మీ అక్క రికార్డుని పాత సామాన్ల సంచిలోంచి తీసేశాను, మళ్లీ అందులో పడెయ్యకు. తను పోయాక మనకి మిగిలింది అందులో తను పాడిన పాటొక్కటే. నువ్వనుకున్నట్టు అది అరిగిపోలేదు. మీ తమ్ముడు రికార్డ్ ప్లేయరుకి బిగించిన కొత్త ముల్లు గొంతే మరీ పీల, చీమ తుమ్మినా అంతకంటే గట్టిగా వినపడుతుంది. అందుకే ముల్లుకీ ఆంప్లిఫయరుకీ మధ్య స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టాను, అది గొంతు పెంచుతుంది. పాత ముల్లు పెడితే మాత్రం డబ్బా తీసెయ్. దానికి అక్కర్లేదు, ఉంచావంటే పక్కింటి పైకప్పు లేచిపోతుంది.

నిన్నంతా వంటింట్లో ఒక్కదానివే ఏడ్చావు. నాతో ఒక్క మాట అనకూడదా?

నాకోసం ఆగకు, పెట్టుకుని విను.

పాత ముల్లుకి ఇన్నేళ్లూ అందని మాటొకటి పాటకి ముందుంది. మీ అక్క నిన్ను పిలుస్తోంది, "చిట్టీ, తలుపేసొచ్చి నా పక్కన కూచోవే" అని.