ఆరు తలకిందులైన సంగతి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మహిమకు,

నీ కంప్యూటరు మాస్టారు కరుణాకర్ ఆశీస్సులతో తెలియజేయునది. ఫోన్లో అయితే మధ్యలో దగ్గి తప్పించుకునే అలవాటు నాకున్నందున, ఈ విషయాన్ని లిఖితపూర్వకంగా సమర్పించుకుంటున్నాను.

గత గురువారం, మామూలు సంఖ్యను ఒకట్లూ సున్నాలుగా మార్చే ప్రోగ్రాం బోర్డు మీద రాశాను. రెండుతో భాగించుకుంటూ పోయి, వచ్చిన శేషాలను చివరినుంచి మొదటికి చదవాలి. నా ప్రోగ్రాం మొదటినుంచి చివరికి చూపిస్తుంది. ఐదుకు 101, ఏడుకు 111, తొమ్మిదికి 1001. ఎటునుంచి చదివినా అవే కనుక, ఏళ్ల తరబడి నా పరువు ఆ మూడు సంఖ్యల మీదే నిలబడింది. నువ్వు ఆరు వేయమన్నావు. 011 వచ్చింది. "110 కదండీ రావాల్సింది?" అన్నావు.

"ఏందమ్మో మహిమా, మీ అద్దంకిలో లెక్కలు కిందనుంచి పైకి చదువుతారా?" అన్నాడు వెనక బెంచీలోంచి అష్రఫ్. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. గుమ్మంలో మన కంప్యూటరు సెంటరు యజమాని నిలబడి ఉన్నారు. "బోర్డు మీద ఉన్నట్టు రాసుకో. ఇష్టం లేకపోతే బయటికి వెళ్లు" అన్నాను. వెళ్లావు. మళ్లీ రాలేదు.

సదరు తప్పు నా దృష్టికి ఎప్పుడు వచ్చినది అనే ప్రశ్నకు జవాబు: నువ్వు నోరు తెరిచిన నిమిషంలోనే. తెలిసే పంపించాను. నువ్వు చదువు మానేస్తే ఆ బోర్డు ముందు నిలబడే అర్హత నాకు లేదు. తిరిగి రావలసిందిగా ప్రార్థన.

అపరాధి హోదాలో,
కరుణాకర్

అద్దంకి

గౌరవనీయులైన మాస్టారికి,

మహిమ నమస్కారాలు. నేను చదువు మానేయలేదండి. మిరపకోతకు మనుషులు దొరక్క అమ్మ రమ్మంది. మీకు మాత్రం చెప్పాలనిపించలేదు. కల్లంలో కాయలు ఆరబోస్తూ మీ ఉత్తరం చదివాను. "ఏందే, మాస్టారు తిట్టారా?" అంది అమ్మ. "లేదమ్మా, తనను తనే తిట్టుకున్నారు" అన్నాను.

బయటికి పంపినందుకు కాదండి నా బాధ. మెట్ల మీద కూర్చుని, నేను రాసుకున్న 110 కొట్టేసి 011 అని దిద్దుకున్నాను. మీరన్నారు కదా, తప్పు నాదే అయ్యుంటుందనుకున్నాను. సరైనదాన్ని నా చేత్తో నేనే కొట్టేశానని ఇప్పుడు తెలిసింది. తలుచుకుంటే, కాయలు ఏరిన చేత్తో కళ్లు తుడుచుకున్నట్టుంది.

సోమవారం వస్తున్నాను. యజమానిగారిని కూడా పిలవండి. బోర్డు మీద ఆరు నేనే చేస్తాను. మీరు వెళ్లి అష్రఫ్ పక్కన బెంచీ మీద కూర్చోండి. అతను నవ్వితే నవ్వనివ్వండి. ఈసారి మీరు నవ్వకండి.

మీ విద్యార్థిని,
మహిమ