ఆయన నడిపితే ఆగని బండి

జూన్ 3, సోమవారం

మళ్ళీ ఆగింది. ఈసారి సరిగ్గా ఆసుపత్రి గేటులో. వెనకాల అంబులెన్స్.

సెక్యూరిటీ ఆయన, నేను, దారిన పోయే ఇద్దరు కలిసి పికప్‌ని పక్కకి తోశాం. బండి నిండా ఉతికిన ఆపరేషన్ థియేటర్ దుప్పట్లు, పద్నాలుగు మూటలు. సిగ్గుతో చచ్చిపోయాను. అంబులెన్స్ డ్రైవర్ ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది.

స్టోర్ మేడమ్ మంచిది. మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది. థియేటర్ లినెన్ లేటవడం ఇది మూడోసారమ్మా, ఇంకోసారి అయితే నా చేతుల్లో ఉండదు, వేరే లాండ్రీ చూడమంటారు పైవాళ్ళు అంది.

ఇంటికొచ్చి చెప్తే ఆయన కట్టు కాలు స్టూలు మీద చాపుకుని, ఆరేళ్ళు నడిపాను, నా చేతిలో ఒక్కసారి ఆగలేదు, నీ చేతిలో పది రోజుల్లో ఎనిమిదిసార్లు ఆగిందంటే తప్పు బండిదా అన్నాడు. క్లచ్ తొక్కకుండా బ్రేక్ కొడుతున్నావు, అంతే అన్నాడు.

తొక్కుతున్నాను. పూర్తిగా తొక్కుతున్నాను. ఒట్టు.

అదే రోజు, సాయంత్రం

కాస్త చల్లబడ్డాను.

పాపం, ఆయన బాధ ఆయనది. నీళ్ళ ట్యాంకు పైపు బిగిస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. ఇంకా నెల రోజులు కుర్చీయే గతి. సెకండ్ హ్యాండ్‌లో ఈ బండి కొన్నప్పటి నుంచీ ఆయనే నడిపాడు, నేను మూటలు కట్టాను. లైసెన్స్ నాకూ ఉంది. పెళ్ళికి ముందు తీసుకున్నది. ఫొటోలో చూస్తే ఎవరో పిల్ల.

ఎవరు చదవొచ్చారు గనక, నిజం రాస్తాను. నడపడం నాకు చాలా బావుంది. ఆయన పడ్డందుకు ఏడ్చాను. తాళం నా చేతికొచ్చినందుకు లోలోపల సంబరపడ్డాను. రెండూ నిజమే.

ఇంకోటి. రోజూ సాయంత్రం ఆయన కుడి పిక్కకి నూనె రాసేదాన్ని, ఏళ్ళ తరబడి. కుర్చీలో కూర్చున్నాక ఒక్కసారి అడగలేదు. నొప్పే లేదట. రెస్ట్ తీసుకుంటే పోయే నొప్పికి ఎన్ని సీసాలు కుమ్మరించానో!

జూన్ 4, మంగళవారం

పొద్దున్నే బోల్టు బాబాయి షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు బోల్టులు గలగలమంటాయి, అందుకే ఆ పేరు.

బాబాయి ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు విన్నాడు. ఒక రౌండ్ కొట్టొచ్చాడు. ఆగలేదు! ఎందుకాగుతుంది, షెడ్డు మా వెనక వీధిలోనే, ఇంజన్ ఇంకా వేడెక్కనే లేదు, ఇది ఆగేది వేడెక్కాకే. ప్లగ్గులు తుడిచాడు. పెట్రోల్ ఫిల్టర్ మార్చాడు. పోను పోను అలవాటవుతుందిలే అమ్మా అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అప్పుడర్థమైంది. ఆయన ముందే ఫోన్ చేసేశాడు. బండికేం లేదు, మా ఆవిడకే డ్రైవింగ్ రాదు అని. ఒళ్ళు మండిపోయింది.

జూన్ 5, బుధవారం

రెండుసార్లు ఆగింది.

జూన్ 6, గురువారం, మధ్యాహ్నం 2

ఆయన తమ్ముడికి ఫోన్ చేశాడు. సోమవారం నుంచి మరిది వచ్చి బండి నడుపుతాడట. నువ్వు హాయిగా ఇస్త్రీ చూసుకో అన్నాడు నాతో. హాయిగానట! ఆవిరి మొహాన కొడుతుంటే వంద దుప్పట్లు హాయిగా.

సరుకు దించొస్తానని తాళం తీసుకుని వెళ్ళిపోయాను. గోడౌన్ల వెనక ఖాళీ జాగా ఉంది, అక్కడ ప్రాక్టీస్ చేశాను. క్లచ్, బ్రేక్ అని పైకి అనుకుంటూ, పాదాల వంకే చూసుకుంటూ. బండి నెమ్మదించింది. ఆగబోయే ముందు వణికింది. చచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ చచ్చింది.

స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. ఇంతమంది అంటున్నారంటే నాకే రాదేమో. నా కాళ్ళ మీద నాకే నమ్మకం పోయింది.

జూన్ 7, శుక్రవారం

బండి తాళం ఇంకా ఒళ్ళోనే ఉంది, ముందు ఇది రాయాలి!

నీ తప్పేంటో నేనే చూపిస్తానని ఆయన పట్టుబట్టి బండెక్కాడు. కట్టు కాలు అడ్డంగా చాపుకుని పక్క సీట్లో. వీధి చివరి దాకా క్లచ్, క్లచ్ అని ఒకటే సణుగుడు.

మొదటి సిగ్నల్. బ్రేక్ వేశాను. ఆయన కుడి కాలు కూడా కింద మ్యాట్‌ని నొక్కింది. పక్కన కూర్చున్న డ్రైవర్లందరూ చేసేదే కదా, నవ్వొచ్చింది. రెండో సిగ్నల్ దగ్గర బండి చచ్చింది, నా నవ్వూ ఆగిపోయింది. పాదం ముందు భాగం బ్రేక్ నొక్కుతున్నట్టుంది, సరే. మరి మడమ? మడమ పక్కకి తిరిగి ఇంకోదాన్ని నొక్కుతోంది. అక్కడ అరిగిన రబ్బరు మ్యాట్ తప్ప ఏమీ లేదు.

మడమతో ఏం తొక్కుతున్నారు అని అడిగాను. ఏ మడమ, నేనేం చేశాను అన్నాడు. నిజంగానే తెలీదు ఆ మనిషికి.

మూడో సిగ్నల్ దగ్గర నేనూ అలాగే చేశాను. వేళ్ళతో బ్రేక్, మడమతో కొంచెం యాక్సిలరేటర్. పాదం మెలితిరిగి పిక్క పట్టేసింది. ఇంజన్ మాత్రం ఆగలేదు. చూశావా, ఇప్పుడు క్లచ్ సరిగ్గా తొక్కావు అన్నాడు.

పిక్క! కుడి పిక్క! నేనిన్నాళ్ళూ నూనె రాసింది దీనికా!

జూన్ 8, శనివారం

ఇంజన్ బాగా కాగేదాకా తిప్పి, ఆయన్నీ ఎక్కించుకుని షెడ్డుకెళ్ళాను. బాబాయినే నడపమన్నాను. ఒకటే షరతు, ఆపేటప్పుడు యాక్సిలరేటర్ జోలికి పోకూడదు అన్నాను. వీధి మలుపులో ఆపాడు. చచ్చింది. ఇంకోసారి. చచ్చింది. బాబాయి మొహం చూడాలి!

వెంటనే బానెట్ ఎత్తాడు. యాక్సిలరేటర్ వదిలేశాక కూడా ఇంజన్‌కి గాలి అందించే చిన్న వాల్వ్ ఒకటుందట. విప్పి చూపించాడు. మసి. వేలు కూడా దూరదు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వేరే దారిన గాలి వస్తుంది, ఆగేటప్పుడే ఊపిరాడదు అన్నాడు. ఇది ఒక్క రోజులో పట్టింది కాదు, ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా పట్టింది, నీ కాలు కూడా కొంచెం కొంచెంగానే నేర్చేసుకుంది అన్నాడు ఆయనతో.

ఆయన ఆ మసిని వేలితో గీకి చూశాడు. అయితే ఆమె తప్పేం లేదా అని అడిగాడు. బాబాయిని అడిగాడు, నన్ను కాదు. లేదు, తప్పు నాది, నువ్వు ఫోన్లో చెప్పింది విని బండి మాట వినలేదు అన్నాడు బాబాయి, వాల్వ్ కడిగి మళ్ళీ బిగిస్తూ.

గెలిచాను కదా, గొంతు చించుకుని అరవాలనుకున్నాను. తీరా చూస్తే జాలేసింది. ఆరేళ్ళు ఆ బండిని మడమతో మోసుకొచ్చాడు, పిచ్చి మనిషి.

జూన్ 9, ఆదివారం

పొద్దుట్నుంచీ కుడి కాలు ఆడిస్తూ దాన్నే చూసుకుంటున్నాడు. నేను పక్క గదిలో మడతలు పెడుతున్నానని తెలీక మరిదికి ఫోన్ చేశాడు. రావద్దురా, మీ వదిన నడుపుతుంది, నేనే నోరు జారాను అన్నాడు. ఆ మాట నాతో అంటే ఏం పోయిందట!

జూన్ 10, సోమవారం

తొమ్మిది సిగ్నళ్ళు. ఒక ఆసుపత్రి గేటు. ఎక్కడా ఆగలేదు. స్టోర్ మేడమ్ గడియారం చూసి నవ్వింది.

సాయంత్రం నూనె సీసా ఆయన చేతిలో ఉంది. నొప్పి మళ్ళీ వచ్చిందా అన్నాను. కుర్చీ దగ్గరికి స్టూలు లాగి కూర్చోమన్నాడు. కాలు ఇలా ఇయ్యి అన్నాడు.

కుడి కాలు చాపాను. అది కాదు, ఎడమది, క్లచ్ కాలు అన్నాడు.