పచ్చతలుపు పొరలు

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం. మీ రాళ్ల ఆఫీసు వాళ్లు నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి, మా వంటింటి వెనక తెల్లబండ మీద ఎర్రరంగుతో అంకెలు వేసి పోయారు. అంకెలు వేశారంటే కొలిచారన్నమాట. కొలిచారంటే ఇల్లు పోయినట్టే. ఎవరికి కట్టబెడుతున్నారు? నీకు తెలిసే ఉంటుంది, దాచకు.

ఇట్లు,
కంటిమీద కునుకు లేని పెద్దమ్మ

తా.క.: ఈ ఉత్తరం ఎవరైనా విప్పి, చదివి, మళ్లీ అంటించినట్టుంటే వెంటనే రాయి.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

మావాళ్లే వేసి ఉంటారు. నీ ఇంటికేమీ కాదు. ఆ తెల్లబండ జిప్సం, ప్లాస్టర్ చేసే రాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. అది ఎండుతూ, నిండుతూ, పొర మీద పొర వదిలింది. వయసులో కిందిది పెద్దది, పైది చిన్నది. వాటి వరస తేల్చి, గుంపులు చేసి, పేర్లు పెట్టడం మా పని. పొర ఎక్కడ స్పష్టంగా కనబడితే ఆ చోటి పేరే పెడతాం. హాయిగా పడుకో.

నీ అబ్బాయి

తా.క.: ఉత్తరం ఎవరూ విప్పలేదు. నువ్వు పూసిన జిగురుకు నావల్లే కాలేదు.

*

చిరంజీవికి,

సముద్రమా? బిందెడు నీళ్లకు వీధి చివరిదాకా నడుస్తున్నాను నేను. అబద్ధమైనా కాస్త అతికేట్టు ఆడాలి నాయనా. పైగా రాయికి పేరట! రేపు ఆ పేరున పట్టా రాయించుకోవడానికి కాకపోతే ఎందుకు? గోటికే రాలే రాయి కదా, అట్లకాడతో అంకెలన్నీ గీకేశాను. పక్కనే ఉన్న నా తోడికోడలి ఇంటి వెనకా ఇదే బండ. రంగు కొని అక్కడ వేసి వచ్చాను. పోతే దాని ఇల్లే పోనీ. దానికి ఇద్దరు కొడుకులున్నారు, చూసుకుంటారు.

ఇట్లు,
ముందుచూపున్న పెద్దమ్మ

తా.క.: ఒక అంకె ఆరో తొమ్మిదో గుర్తులేక అడ్డంగా పడుకోబెట్టాను.

*

పెద్దమ్మా,

కొంప ముంచావు. మావాళ్లు మళ్లీ వచ్చి, అంకెలున్న బండ చూసి, నీ తోడికోడలి ఇంటి పచ్చతలుపునే గుర్తుగా పట్టుకుని ‘పచ్చతలుపు పొరలు’ అని పేరు పెట్టేశారు. అచ్చయిపోయింది కూడా. పచ్చతలుపు ఇంటి వెనక బండను ఇక ఎవరూ పగలగొట్టకూడదు. రేపు ఇంకెక్కడ పొర దొరికినా దీనితో పోల్చి చూడాలి కదా. మిగతా బండంతా ప్లాస్టర్ ఫ్యాక్టరీకి ఇస్తున్నారు. అంటే నీ ఇంటి వెనకది. దాన్ని పేలిస్తే నీ వంటిల్లు నిలవదు. ఆపమని మొత్తుకుంటున్నాను, వినేవాళ్లు లేరు.

అబ్బాయి

తా.క.: ఆ పడుకున్న అంకె ఏమిటని మా పెద్దసారు ఇంకా ఆలోచిస్తున్నారు.

*

చిరంజీవికి,

కాళ్లూ చేతులూ ఆడక, నా తోడికోడలి దగ్గరికే వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకుంటే తెల్లముఖం వేసింది.

"అక్కా, కోప్పడనంటే ఓ మాట. వాళ్లు అంకెలు వేసింది నా బండ మీదే. ఇల్లు పోతుందని భయమేసి, గీకేసి, నీ బండ మీదకు ఎక్కించింది నేనే" అంది.

"దొంగముఖమా!" అన్నాను.

"నువ్వేమన్నా తక్కువ తిన్నావా?" అంది.

ఓపిక ఉన్నంతసేపూ తిట్టుకున్నాం. తరువాత దాని కొడుకుల చేత మధ్యగోడ కొట్టించేశాం. నా వీధితలుపుకు అడ్డంగా బీరువా జరిపాం. ఇప్పుడు రెండూ ఒకటే ఇల్లు, తలుపు ఒకటే, పచ్చది. దాని వెనక బండ ముట్టుకోకూడదని మీ అచ్చులోనే ఉందిగా? రమ్మను ఫ్యాక్టరీవాళ్లను, చూస్తాం.

ఇట్లు,
పచ్చతలుపు ఇంటి పెద్దమ్మ

తా.క.: గోడ కొడదామంటే అది అంత తొందరగా ఒప్పుకుందేమిటి? నా వంటిల్లు దాని వంటింటికంటే పెద్దదని ఇప్పుడు తట్టింది. గోడ మళ్లీ కడితే బండకేమైనా అవుతుందా? దానికి తెలియకుండా రాయి.