మీ అక్క గీసిన ఇంటి ప్లాను

చిన్నా,

మీ ఆఫీసులోని లినక్స్ కంప్యూటర్‌ను ఆపి కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తానన్నావు. అప్పుడే ఆపకు. నువ్వు చేసిన ఏర్పాటుతో మీ అక్క ఆసుపత్రి మంచం మీది నుంచే, అందులో నడిచే ప్రోగ్రాంను తన ట్యాబ్‌లో తెరిచి మా కొత్త ఇంటి ప్లాను గీసింది. సేవ్ చేయకుండానే మనల్ని వదిలి వెళ్లిపోయింది.

కనెక్షన్ తెగితే గీసిందంతా పోతుందని నువ్వే అన్నావు. అందుకే ట్యాబ్‌ను ఛార్జర్ నుంచి తీయడం లేదు.

"నాన్నా, దానికి కూడా సెలైన్ ఎక్కిస్తున్నావా?" అంది అమ్మాయి.

నిన్న సేవ్ చేయబోతే వేలు జారి వంటగది గోడ చెరిగిపోయింది. మళ్లీ ముట్టుకోవాలంటే భయంగా ఉంది. నువ్వే వచ్చి ఆ గోడ నిలబెట్టి, సేవ్ చేసి మూసెయ్యి. మూసేటప్పుడు నేను పక్క గదిలో ఉంటాను.

బావ