అత్తగారి మడి

మంగళవారం, అమలాపురం

మానసిక వ్యాధులకు జన్యువుల్లో కారణాలు వెతికే డాక్టరమ్మ ఉదయం వచ్చింది. ఓసీడీ ఉన్న నా మనవరాలు లాస్య రక్తంతో పాటు నా రక్తమూ తీసుకుంది. లాస్య చర్మం పగిలేదాకా చేతులు కడుక్కుంటుంది.

తర్వాత కాగితం మీద మా వంశం గీసింది. ఆడవాళ్లకు సున్నా, జబ్బుంటే అందులో నలుపు. మాది మేనరికమని, అత్తగారు నాకు సొంత మేనత్తని చెప్పాను.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదాండీ?"

"ఎవరికీ లేదు. మా అత్తగారికి మాత్రం మడి ఎక్కువ. కడిగిన బిందే పదిసార్లు కడిగేవారు. అన్నం చల్లారిపోయినా నూతి దగ్గర్నుంచి లేచేవారు కాదు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "అడిగితే ఏమనేవారండీ?"

"ఇంకా మైల పోలేదనేవారు."

లాస్య నవ్వింది. "ఆయ్, నేనూ అదే అంటానండీ. మామ్మ నన్ను తిక్కదానా అంటాది."

అత్తగారి సున్నాలో నలుపు నింపమని నేనే చెప్పాను. రక్తంలో ఏం దొరుకుతుందో తెలియడానికి ఏళ్లు పట్టవచ్చట.

అత్తగారు కడుగుతూంటే నోరెత్తకుండా నీళ్లు తోడిపోశాను. పిల్ల కడుగుతూంటే మొన్న చెయ్యి చేసుకున్నాను. డాక్టరమ్మకు ఆ ఒక్కటీ చెప్పలేదు. పక్కనే కూర్చున్న లాస్య కూడా చెప్పలేదు.