సూరమ్మ వంటపడవ

భవానీపురం,
మే 12.

చిరంజీవి సౌభాగ్యవతి రాజ్యశ్రీకి,

అక్క ఆశీర్వదించి రాయునది. ఆశీర్వాదం అలవాటు కొద్దీ పెట్టాను, మరీ మనసుకు తీసుకోకు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమా అని అడగను. ఆదివారం పేపర్లో నీ వంటల శీర్షిక పక్కన చెంపలు మెరిసిపోతున్న నీ ఫొటో చూశాక ఆ అనుమానం ఎవరికీ రాదు.

నీ నంబరు నేను బ్లాక్ చేసిన మాట నిజమే. ఫోన్ పాడయిందేమోనని ఉత్తరంలో బోలెడు జాలి పడ్డావు. నా ఫోన్ నిక్షేపంలా ఉంది. నలభై రోజులుగా నీ గొంతు వినకపోయేసరికి బీపీ కూడా కాస్త దిగింది. ఉత్తరం రాస్తే అక్క చదవకుండా ఉండలేదని నీకు తెలుసు. చిన్నప్పుడంతా నా చేత చదివించుకున్నదానివి కదా.

సరే, అడిగినవాటికి జవాబులు చెప్తాను, తర్వాత తిట్లు.

నూనె లేకుండా వేయించే ఆ డబ్బా అందింది. మీ బావగారికి కొలెస్ట్రాల్ అని నువ్వు దిగులుపడి పంపావు, సంతోషం. అందులో గారెలు వేశాను. ఆయన సొరుగు లాగి చూసి, "వీటిని కొండపల్లిలో ఇచ్చేస్తే బొమ్మ బండ్లకి చక్రాలు కట్టుకుంటారే" అన్నారు. ముప్ఫై ఏళ్ళు థర్మల్ స్టేషన్లో పనిచేసిన మనిషికి ఏది కాలిందో, ఏది మాడిందో నేను చెప్పక్కర్లేదు. ప్రస్తుతం ఆ డబ్బా మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

మామిడికాయ పప్పులో అమ్మ ఎన్ని పచ్చిమిరపకాయలు వేసేదని అడిగావు. అమ్మ లెక్కపెట్టి వేయడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న మగ్గం మీద పని సాఫీగా సాగిన రోజున పప్పు కమ్మగా ఉండేది. పోగులు తెగి నాన్న విసుక్కున్న రోజున మన కళ్ళమ్మట నీళ్ళు కారేవి. దీన్ని నీ వంటల పుస్తకంలో కొలత గిన్నెల్లోకి ఎలా ఎక్కిస్తావో నీ ఇష్టం.

ఇక నువ్వు పంపిన "ఈ వేసవిలో చదవాల్సిన ఐదు పుస్తకాలు". ఐదూ చదివాను. పస్తులుండి సన్నబడమని చెప్పేదాన్ని మీ బావగారి కుర్చీ కాలు కింద పెట్టాను, కుర్చీ ఊగడం మానేసింది. వంటిల్లు సర్దుకోవడం గురించి రాసినాయన జన్మలో గిన్నె తోమలేదని రెండో పేజీలోనే తెలిసిపోయింది. మిగతా మూడింట్లో ఒకటి చాలా బాగుంది, రెండుసార్లు చదివాను. అది ఏదో నీకు చెప్పను. చెప్తే వచ్చే ఆదివారం "మా అక్కకి కూడా నచ్చిన పుస్తకం" అని రాస్తావు. నా పేరు మాత్రం రాయవు.

నా కోపం ఎందుకో అర్థం కావడం లేదని రాశావు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. నలభై రోజుల కిందట పక్కింటి డయానా పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, మీ చెల్లెలుగారు మీ గురించి రాశారు!" అంది. కళ్ళజోడు పెట్టుకుని, మురిసిపోతూ కూర్చున్నాను. ఏం రాశావో నీకు గుర్తు లేకపోతే ఇదిగో, కాపీ చేస్తున్నాను:

"పెడనలో నాన్న మగ్గం దిగి భోజనానికి కూర్చోగానే అక్క వారపత్రికలో సీరియల్ పైకి చదివేది. మేం వింటూ తినేవాళ్ళం. చదివినందుకు బహుమతిగా పప్పులో మామిడి టెంక అక్కకే దక్కేది. అక్కకి పుస్తకాలంటే పెద్దగా ఇష్టం ఉండేది కాదు గానీ, గొంతు బాగుండేది."

గొంతు బాగుండేదట! తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో నేను చదివితే, నీకు గుర్తున్నది గొంతు. అంటే నేనొక రేడియోని.

ఆ బహుమతి సంగతి కూడా తేలుద్దాం. పగలంతా మగ్గం చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు కాబట్టి, అన్నం దగ్గరైనా నాలుగు మంచి మాటలు వినాలని నాన్న ఆ పద్ధతి పెట్టారు. నిజమే. చదివేవాళ్ళు చివర తినాలన్నదీ ఆయన పెట్టిందే, ఎంగిలి చేత్తో పత్రిక ముట్టుకోకూడదని. పొయ్యి మీంచి దించిన అన్నం, దాని మీద నెయ్యి, వేయించిన వడియాలు, అన్నీ నా కళ్ళ ముందే నాన్నకీ నీకూ వడ్డించి అమ్మ కూడా కూర్చునేది. నేను పేజీ తిప్పుతూ మింగిన గుటకలన్నీ కథలో ఉత్కంఠ అనుకుని ఉంటావు. నేను పళ్ళెం ముందుకొచ్చేసరికి అన్నం చల్లారి గడ్డకట్టేది. మీరంతా పప్పు ఊడ్చేశాక గిన్నెలో మిగిలేది ఏమిటి? టెంకే. దానికి బహుమతి అని పేరు పెట్టింది నువ్వు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ ఉత్తరంలో మూడు పేజీల కబుర్ల తర్వాత, ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగావు. నీ పుస్తకం అచ్చుకి సిద్ధమైంది, పేరు "సూరమ్మ వంటపడవ". చిన్నప్పుడు విన్న సీరియల్లో బందరు కాలవ మీద పడవలో వండి పెట్టే సూరమ్మ వంటలన్నీ అందులో పెట్టావు. ఇప్పుడు నీ ఎడిటర్ చక్రి ఆ పాత వారపత్రికలు ఏదో లైబ్రరీలో వెతికి పట్టుకున్నాడు. ఆ సీరియల్ పన్నెండు భాగాలే ఉంది. అందులో జమీందారుగారి అబ్బాయి, డాక్టరమ్మాయి, ఒక అపార్థం, పెళ్ళి. పడవ లేదు, సూరమ్మ లేదు. ఆమెని ఎవరు రాశారో చెప్పకపోతే పుస్తకం పేరూ, సగం అధ్యాయాలూ తీసేయాలంటున్నాడు. "అక్కా, చదివింది నువ్వే కదా. సూరమ్మ ఏ పత్రికలో వచ్చిందో చెప్పు. నేను కల్పించానని అంటున్నారు, తలెత్తుకోలేకపోతున్నాను" అని రాశావు.

నువ్వు కల్పించలేదు రాజ్యశ్రీ. నేను కల్పించాను.

ఆ పత్రిక మనం కొన్నది కాదు. పోస్టుమాస్టరుగారి భార్య వెంకటరత్నమ్మగారు తను చదివాక నాకు ఇచ్చేవారు. పదో భాగం ఇచ్చిన వారమే వాళ్ళకి మైలవరం బదిలీ అయింది. తర్వాతి వారం సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చి, పీట మీద కూర్చుని, "కానీ పెద్దమ్మాయ్" అన్నారు. పత్రిక లేదని చెప్పడానికి నోరు రాలేదు. పాత సంచికకి కేలండరు కాయితంతో అట్ట వేసి పట్టుకున్నాను. డాక్టరమ్మాయిని రైలెక్కించి పంపేశాను, నాకు ఆవిడ మొదట్నుంచీ నచ్చలేదు. కాలవ మీద ఒక పడవ వచ్చింది. అందులో సూరమ్మ పొయ్యి వెలిగించింది. అప్పుడు నాకు పదిహేడు, నీకు తొమ్మిది.

ఆ కథ నిండా అంత వంట ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా? నేను ఆకలి మీద ఉండేదాన్ని కాబట్టి. కాలవ మీద ప్రతి లాకు గేటు దగ్గరా పడవ ఆపి సూరమ్మ చేత వండించేదాన్ని. నువ్వు "కాలవ పడవల వాళ్ళ పాతకాలపు రహస్యం" అని పేపర్లో పొగిడిన వంటకం ఉందే, పుట్నాలపొడి పట్టించి అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన కొరమీను! అప్పటికి నాకు చేప కడగడం కూడా రాదు. ఆ క్షణాన నీ పళ్ళెంలో పుట్నాలపొడి కనపడింది, చేపకి పట్టించేశాను. మొన్న ఆదివారం నీ కొలతల ప్రకారం చేసి చూశాను. బ్రహ్మాండంగా కుదిరింది. మీ బావగారు మారు వడ్డించుకున్నారు. నాకు ఇంకా కోపం వచ్చింది.

ఇది నాన్నకి తెలియదనుకుంటున్నావేమో. ఒకరోజు అన్నాల వేళ కరెంటు పోయింది. సూరమ్మ పడవలోకి నీళ్ళు వస్తున్నాయి, నేను మంచి ఊపులో ఉన్నాను, చదువుతూనే ఉన్నాను. ఒక అర పేజీ అయ్యాక గానీ చీకట్లో చదువుతున్నానని నాకు తెలియలేదు. అమ్మ లాంతరు కోసం లేచింది. నాన్న గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది. "లాంతరు తర్వాత వెలిగిద్దువులే, అమ్మాయిని చదవనీ" అన్నారు. చదివాను. ఆ చీకట్లో నువ్వేం చేస్తున్నావో తెలుసా? నాకని అమ్మ పక్కన పెట్టిన వడియాలు నములుతున్నావు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినపడుతోంది.

రెండేళ్ళు అలా నడిచింది. నా పెళ్ళితో సూరమ్మ పడవ ఆగిపోయింది. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, మెల్లిగా, "పెద్దమ్మాయ్, ఆ పడవ బందరు చేరిందా?" అని అడిగారు. "ఇంకా లేదు నాన్నా" అన్నాను. "సర్లే, నిదానంగా చేర్చు" అన్నారు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికారు. ఎన్నిసార్లు పెడన వచ్చాను, ఎన్నిసార్లు ఆయన పక్కన కూర్చుని తిన్నాను! ఆయన మళ్ళీ అడగలేదు. కాపురం గోలలో నేనూ చెప్పలేదు. ఆయన ముగింపు వినకుండానే పోయారు. ఇది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నీ మీద చూపిస్తున్న కోపంలో సగం అదే కావచ్చు. మిగతా సగం మాత్రం నికరంగా నీదే, తగ్గించుకోకు.

కాబట్టి నీ చక్రికి చెప్పు, సూరమ్మని రాసిన మనిషి భవానీపురంలో ఉంది, బతికే ఉంది. పుస్తకం అట్ట మీద నీ పేరు పక్కన నా పేరు పడాలి. "మా అక్క" అని కాదు, పూర్తి పేరు. నాయనమ్మ పేరు నాకు అంటగట్టి, సినిమా తారలాంటి పేరు నీకు పెట్టారు. అయినా సరే, ఆ మోటు పేరే అట్ట మీద పడాలి. పేపర్లో కూడా దిద్దుబాటు రాయి. అక్కకి పుస్తకాలంటే ఇష్టమే, ఆకలి కూడా వేసేది అని.

ఈ నలభై రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. పడవని బందరు చేర్చాను. నోటుపుస్తకంలో అరవై రెండు పేజీలు వచ్చాయి. సూరమ్మకి ఏమైందో, ఆఖరి రేవులో ఏం వండిందో అన్నీ ఉన్నాయి. మీ బావగారికి కూడా చూపించలేదు. దీన్ని ఫొటోలు తీసి పంపమని డయానా చేత రాయబారం చేయించకు, పంపను. కొరియర్‌లోనూ వెయ్యను.

కావాలంటే నువ్వే రా. మామిడికాయలు పుల్లగా ఉండగానే రా. పప్పు నేను వండుతాను, వడియాలు నేను వేయిస్తాను, నూనెలోనే. పీట వేసుకుని నేను కూర్చుంటాను, నువ్వు ఎదురుగా కూర్చుని నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గొంతెత్తి చదువు. అది చివరిదాకా అయ్యేలోపు నువ్వు ముద్ద ముట్టుకోవడానికి వీల్లేదు. నేను మాత్రం వేడి వేడిగా, నెయ్యి వేసుకుని, నిదానంగా తింటాను.

టెంక నీకు ఉంచుతాను.

ఇట్లు,
పుస్తకాలంటే పెద్దగా ఇష్టం లేని
మీ అక్క,
వెంకటరావమ్మ